పువ్వా, ఆకా, గింజా?

మా చిన్నత్త వంటింటి కిటికీలో అమృతాంజనం సీసా పక్కన ఒక కొత్త సీసా కనబడింది. ముదురు గోధుమరంగు గాజు, మూతకి రబ్బరు డ్రాపరు. చూడ్డానికి హోమియో మందులా ఉంది.

"ఇదేంటత్తా?"

"మోకాళ్ల నూనిరా. పై వాటా వాళ్లబ్బాయి అమెరికా నించి తెచ్చేడు. రాసుకునేది కాదట, నాలిక్కింద ఏసుకోవాలట."

సీతమ్మధారలో అత్త ఉండే అపార్ట్‌మెంటులో ప్రతి రెండో ఇంట్లోనూ ఒక అమెరికా అబ్బాయి ఉన్నాడు కాబట్టి నాకు వింతేమీ అనిపించలేదు. సీసా తిప్పి చూశాను. 30 మిల్లీలీటర్లు. లోపల 1000 మిల్లీగ్రాముల సీబీడీ, అంటే గంజాయి మొక్కలో ఉండే, మత్తివ్వని ఒక రసాయనం. 'ఫుల్ స్పెక్ట్రమ్ హెంప్' అని పెద్ద అక్షరాలు. హెంప్ అంటే మత్తు బాగా తక్కువున్న గంజాయి మొక్కే. అడుగున, కళ్లజోడు తీసి దగ్గరగా పెట్టుకుంటే తప్ప కనబడని సైజులో 'టీహెచ్‌సీ 0.3 శాతం కంటే తక్కువ' అని ఒక లైను. గంజాయికి మత్తునిచ్చేది ఆ టీహెచ్‌సీయే.

ఇరవయ్యేళ్లుగా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. ఆ లైను చూసిన క్షణంలో నేను అడగవలసినవి రెండున్నాయి. ఇది మన దేశంలో చెల్లుతుందా? అత్త రోజూ వేసుకునే మాత్రలతో ఇది పడుతుందా? రెండూ అడగలేదు. "అత్తా, నువ్వు కూడా మొదలెట్టేశావా?" అని ఒక జోకు వేసి, కాఫీ తాగి వచ్చేశాను. అత్తకి గుండెలో వాల్వు మార్చి తొమ్మిదేళ్లయింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకుంటుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు.

మూడు వారాల తర్వాత ఫోన్ చేసింది. మోచేతి మీద నల్లగా కమిలిందిట, ఎక్కడా తగిలినట్టు గుర్తు లేదుట. రక్తపరీక్ష చేయిస్తే, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ 5.6. ఆవిడకి ఉండవలసింది 2.5కీ 3.5కీ మధ్య. డాక్టరు గారు ఆకుకూరలు మానేశారా, యాంటిబయాటిక్ ఏమైనా వాడారా, కొత్త మాత్రలేమైనా మొదలుపెట్టారా అని అడిగారు. అన్నిటికీ లేదనే చెప్పింది. అబద్ధం కాదు. ఆవిడ లెక్కలో అది మందు కాదు, నూనె.

నూనె సంగతి చెప్పింది నేనే. తల వంచుకుని చెప్పాను. వార్ఫరిన్‌ని శరీరంలోంచి పంపించేసే ఎంజైములు కాలేయంలో ఉంటాయి. సీబీడీ వాటికి అడ్డం పడుతుంది. దాంతో వేసుకున్న మాత్ర అదే అయినా రక్తంలో దాని మోతాదు పెరుగుతూ పోతుంది. ఇలా ఐఎన్ఆర్ పెరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. అత్త విషయంలో కారణం నూటికి నూరుపాళ్లు అదేనని డాక్టరు గారు అనలేదు. "ముందు అది ఆపండి" అన్నారు.

ఆ వారం నుంచీ నేను ఈ విషయం మీద కూర్చున్నాను. చదివిన కొద్దీ ఒకటి స్పష్టమైంది. ఈ సీసాలు అమ్మేవాళ్లు రసాయనాల పేర్లు చెప్పి అమ్ముతారు. మన చట్టం మాత్రం మొక్కలో ఏ భాగం అని అడుగుతుంది. ఒకళ్ల ప్రశ్నకి ఇంకొకళ్ల దగ్గర జవాబు లేదు. మధ్యలో ఇరుక్కునేది మా అత్తలాంటి వాళ్లు.

విశాఖలో గంజాయి అనే మాటకి ఉన్న బరువు వేరు. పేపరు తీస్తే జిల్లా పేజీలో రోజూ ఉండే వార్త. కొబ్బరికాయల లోడు కింద ఇన్ని కిలోలు, అంబులెన్సులో ఇన్ని కిలోలు. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, ముంచింగిపుట్టు పేర్లు కాఫీ కోసం తలుచుకున్నవాళ్ల కంటే 'శీలావతి' రకం గంజాయి కోసం తలుచుకున్నవాళ్లే ఎక్కువేమో అని ఒక్కోసారి సిగ్గేస్తుంది. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర పోలీసులు ఒక్కరోజులో రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. ఇప్పుడు కాలేజీ గోడ మీద మత్తుమందుల్ని పట్టుకునే ఈగల్ పోలీసుల పోస్టరు, దాని మీద 1972 అనే ఫోన్ నంబరు. ఇలాంటి ఊళ్లో పిల్లలు క్లాసులో అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? "సార్, సీబీడీ లీగలే కదా?" రీల్స్‌లో చూసిన అమెరికా దుకాణం వాళ్లకి మద్దిలపాలెం జంక్షన్ కంటే దగ్గర.

ముందు కెమిస్ట్రీ. గంజాయి మొక్కలో కన్నాబినాయిడ్లు అనే రసాయనాలు వందకి పైగా ఉన్నాయి. మనకి పనికొచ్చేవి రెండు, మహా అయితే నాలుగు. టీహెచ్‌సీ, సీబీడీ రెండింటి ఫార్ములా ఒకటే: 21 కార్బన్లు, 30 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు. అణుభారం 314. టీహెచ్‌సీలో ఆక్సిజన్‌తో కూడిన ఒక వలయం మూసుకుని ఉంటుంది, సీబీడీలో అది తెరుచుకుని ఉంటుంది. ఆ ఒక్క తేడాకి టీహెచ్‌సీ మెదడులో సీబీ1 అనే గ్రాహకాన్ని పట్టుకుని మత్తెక్కిస్తుంది, సీబీడీ ఎక్కించదు. ఒకే ఫార్ములా, వేరే అమరిక. ఐసోమర్లంటే ఏమిటని అడిగే పిల్లలకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కాకపోతే చెబితే మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో తేలతాను.

టీహెచ్‌సీ నిర్మాణాన్ని 1964లో తేల్చింది ఇజ్రాయెల్‌కి చెందిన రఫాయెల్ మెషూలమ్, యెహియేల్ గావొనీ. 1992లో మెషూలమ్ బృందమే, మన మెదడు సొంతంగా తయారుచేసుకునే అలాంటి పదార్థాన్ని పట్టుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టింది. మన 'ఆనందం'లోంచే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పచ్చి మొక్కలో ఎక్కువగా ఉండేది టీహెచ్‌సీ కాదు, టీహెచ్‌సీఏ అనే ఆమ్లం. అది మత్తివ్వదు. వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి టీహెచ్‌సీ అవుతుంది. సోడియం బెంజోయేట్‌ని సోడాలైమ్‌తో వేడిచేస్తే బెంజీన్ వస్తుందని బట్టీ పట్టించామే, ఆ డీకార్బాక్సిలేషనే ఇది. గంజాయిని కాల్చేది, వండేది అందుకే. పాతబడితే టీహెచ్‌సీ నెమ్మదిగా ఆక్సీకరణ చెంది సీబీఎన్ అవుతుంది, మత్తు తగ్గుతుంది. సీబీజీ అనేది ఇంకోటుంది, అమ్మేవాళ్లు ఈమధ్య దాని పేరు కూడా వాడుతున్నారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు.

ఇప్పుడు ఆ 0.3 శాతం. 2018లో అమెరికాలో ఫార్మ్ బిల్లు అనే వ్యవసాయ చట్టంలో ఒక గీత గీశారు. ఎండబెట్టిన మొక్క బరువులో మామూలు టీహెచ్‌సీ, అంటే డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటకపోతే అది హెంప్, దాటితే గంజాయి. గీత గీసిన మర్నాడే తెలివైనవాళ్లు దారి కనిపెట్టారు. సీబీడీకి ఆమ్లం కలిపి కాస్త శ్రమపడితే డెల్టా-8 టీహెచ్‌సీ వస్తుంది. డబుల్ బాండు ఒక అడుగు పక్కకి జరుగుతుంది అంతే, మత్తు కొంచెం తక్కువైనా మత్తే. చట్టంలో రాసింది డెల్టా-9 కదా, మాది డెల్టా-8 అని పెట్రోలు బంకుల్లో అమ్మేశారు.

మన ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల చట్టం 1985 నాటిది. దాని షెడ్యూలులో టీహెచ్‌సీ కింద డెల్టా-8, డెల్టా-9, డెల్టా-10 సహా ఐసోమర్లన్నీ వరుసగా రాసి ఉన్నాయి. అక్కడ సందు లేదు. ఈ ఒక్క విషయంలో ముసలి చట్టాన్ని మెచ్చుకోవాలి.

అయితే అదే చట్టంలో గంజాయికి ఇచ్చిన నిర్వచనంలో శాతం అనే మాటే లేదు. పూత, కాయ ఉన్న పైకొనలు గంజాయి. జిగురు చరస్. హషీష్ ఆయిల్ కూడా అందులోనే. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ మాత్రం నిర్వచనంలోకి రావు. 1961 నాటి ఐక్యరాజ్యసమితి మత్తుమందుల ఒప్పందంలో వాక్యమే దాదాపు ఇక్కడికి దిగింది. ఆకుని వదిలిపెట్టారు కాబట్టే కాశీలో భంగు దుకాణం లైసెన్సుతో నడుస్తుంది. ఆకు పెత్తనం రాష్ట్రాల ఎక్సైజు చట్టాలది.

అంటే అమెరికాలో 'ఎంత శాతం' అనేది ప్రశ్న, ఇక్కడ 'ఏ భాగం' అనేది ప్రశ్న. అక్కడి సీసా మీద 0.3 అని రాసి ఉండటం ఇక్కడి పోలీసుకీ, కస్టమ్స్‌కీ ఏమీ చెప్పదు. ఉత్తరాఖండ్ 2018లో హెంప్ సాగుకి లైసెన్సులిచ్చినప్పుడు 0.3 షరతు పెట్టిన మాట నిజం. అది కేంద్ర చట్టంలోని 14వ సెక్షను కింద నార కోసం, గింజ కోసం ఇచ్చే అనుమతికి సంబంధించిన షరతు. సీతమ్మధారలో చెల్లే చీటీ కాదు.

ఇక్కడ మన పేపర్ల మీద ఒక కంప్లైంటు. హెంప్ అనగానే 'జనపనార' అని రాసేస్తున్నారు. జనుము వేరు, జనపనార వేరు, హెంప్ వేరు. మొదటి రెండూ మత్తుతో సంబంధం లేని మొక్కలు. ఇంకా తమాషా ఏమిటంటే శ్రీకాకుళం, విజయనగరం రైతులు తరతరాలుగా వేసే గోగు శాస్త్రీయనామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకులా చీలి ఉంటుందని ఆ పేరు. 'జనపనార సాగుకి అనుమతి' అని హెడ్డింగు చూసి మా బంధువొకాయన, ఇన్నాళ్లూ జనపనారకి అనుమతి లేదా అని నిజంగానే కంగారుపడ్డాడు. హెంప్‌ని హెంప్ అనే రాయండి. లేదా గంజాయి మొక్క నార అనండి, మొహమాటమెందుకు?

మళ్లీ అత్త సీసా దగ్గరికి వద్దాం. కాగితం మీద లెక్క వేశాను. 30 మిల్లీలీటర్ల నూనె అంటే సుమారు 28 గ్రాములు. అందులో 0.3 శాతం అంటే 84 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ వరకూ ఉండొచ్చు, లేబులు అబద్ధమాడకుండానే. అత్త రోజుకి ఒక మిల్లీలీటరు వేసుకునేది. అంటే 2.8 మిల్లీగ్రాముల దాకా. అమెరికాలో టీహెచ్‌సీనే డ్రోనాబినాల్ పేరుతో మందుగా ఇస్తారు. అది మొదలుపెట్టే మోతాదు 2.5 మిల్లీగ్రాములు. "నూనేసుకున్న కాణ్నించీ నిద్ర బాగా పడతంది రా" అని అత్త సంబరపడిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

పైగా లేబులు నిజమే చెబుతుందని నమ్మకం ఏమిటి? 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో దొరికే 84 సీబీడీ ఉత్పత్తులు కొని పరీక్షిస్తే, చెప్పినంత సీబీడీ ఉన్నవి 26. ఆ 84లోనే 18 శాంపిళ్లలో టీహెచ్‌సీ కనబడింది.

ఇప్పుడు చట్టం లెక్క. టీహెచ్‌సీకి మన నోటిఫికేషన్‌లో చిన్న పరిమాణం 2 గ్రాములు, వాణిజ్య పరిమాణం 50 గ్రాములు. 84 మిల్లీగ్రాములే కదా అంటారా? 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, మత్తుపదార్థాన్ని మరో పదార్థంతో కలిపితే మిశ్రమం మొత్తం బరువు తీసుకోవాలని చెప్పింది. ఆ తీర్పుని ఈ నూనెకి అక్షరాలా అన్వయిస్తే సీసా బరువు 28 గ్రాములు. రెండు సీసాలు 56. యాభై దాటింది. వాణిజ్య పరిమాణమంటే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్లు, బెయిలుకి 37వ సెక్షను అడ్డు. అమ్మకొకటి, పక్కింటి ఆంటీకొకటి అని సూట్‌కేసులో పెట్టుకున్న కుర్రాడికి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. కోర్టులో లాయరు ఇంకోలా వాదించొచ్చు, గెలవనూవచ్చు. ఆ వాదనకి ముందు నడిచే కాలం మాత్రం కుర్రాడిదే.

"మరి ఇండియాలో కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా సార్?" అమ్ముతున్నారు. అవి ఆయుర్వేద లైసెన్సు మీద 'విజయ' పేరుతో వస్తాయి. విజయ అంటే మన గ్రంథాల్లో గంజాయి మొక్కే. ఆకు నిర్వచనంలో లేదు కాబట్టి ఆకు నుంచి తీసిన సారం అని చెబుతారు. ఔషధ నిబంధనల్లో విషపదార్థాల జాబితా, షెడ్యూల్ ఇ(1), ఒకటుంది. భంగు అందులో ఉంది. అలాంటి మందు సీసా మీద వైద్యుల పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉండి తీరాలి. ఏ భాషలో? ఇంగ్లీషులో, హిందీలో. మా అత్తకి రెండూ రావు. పాలకొండలో ఐదో తరగతి దాకా తెలుగు చదువుకుంది, పంచాంగం చూసి ఊరికి ముహూర్తాలు చెబుతుంది, ఈ సీసా చదవలేదు.

ఆ మందు నిజంగా ఆకు నుంచే వచ్చిందా, పూత నుంచా అన్నది సీసాలోకి వచ్చాక కనిపెట్టడం ఎవరి తరం? రసాయనం ఏ కొమ్మది అయినా రసాయనమే. పోలీసుల దగ్గర ఉండే రంగు పరీక్ష కూడా గొప్పదేం కాదు. డూకెనాయ్-లెవీన్ పరీక్షలో ఊదారంగు వస్తే గంజాయి అంటారు. సీబీడీ కూడా ఆ రంగు రప్పిస్తుంది. ఎంత ఉందో ఆ రంగు చెప్పదు. అది తేలాలంటే ఫోరెన్సిక్ ల్యాబులో యంత్రం ఎక్కాలి.

గింజల సంగతి మాత్రం చక్కగా తెమిల్చారు. 2021 నవంబరులో మన ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హెంప్ గింజని, గింజ నూనెని, పిండిని ఆహారంగా గుర్తించింది. గింజలో టీహెచ్‌సీ కిలోకి 5 మిల్లీగ్రాములు, గింజ నూనెలో 10 మించకూడదు. సీబీడీ కిలోకి 75 మిల్లీగ్రాములు మించకూడదు. చూశారా, ఇక్కడ భాగమూ చెప్పారు, రసాయనమూ కొలిచారు. గింజ నూనె అంటే నువ్వుల నూనె లాంటిది, అందులో మోకాళ్ల నొప్పి తగ్గించే మహత్యమేమీ లేదు. దాన్నే సీబీడీ నూనె అని నమ్మించి పదిరెట్లు ధరకి అంటగట్టేవాళ్లు వేరే ఉన్నారు.

నా వాదన ఇదే. ఆ గింజకి చేసిన పని సీబీడీకీ చెయ్యండి. సీబీడీ మందే, కాదనను. 2018 జూన్‌లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ, శుద్ధమైన సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్‌ని రెండు రకాల మొండి మూర్ఛలకి అనుమతించింది. పసిపిల్లల్ని పట్టి కుదిపేసే జబ్బులవి. అక్కడ మోతాదు పిల్లవాడి బరువులో కిలోకి రోజుకి 10 నుంచి 20 మిల్లీగ్రాములు, కాలేయ పరీక్షలు చేస్తూ ఇస్తారు. శుద్ధమైన సీబీడీకి అలవాటు చేసే గుణం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ కూడా చెప్పింది. ఇంత పనిచేసే పదార్థం, వార్ఫరిన్‌తో తగువు పెట్టుకునే పదార్థం, మందులషాపులో చీటీ మీద దొరకాలి. మూలం ఆకా పువ్వా అన్నది కాక, లోపల ఎంతుందన్నది కొలిచి, తెలుగులో హెచ్చరిక రాసి అమ్మాలి.

ఇలా అంటే మా స్టాఫ్‌రూములో రెండు పార్టీలూ నా మీద పడతాయి. ఒకరు, శివుడి ప్రసాదాన్ని తెల్లవాడి చట్టం పాడుచేసిందంటారు, 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితిలో ఇండియా గంజాయికి ఓటేసింది కదా అంటారు. వేసింది. అనుకూలంగా 27, వ్యతిరేకంగా 25 ఓట్లతో గంజాయిని ఆ 1961 ఒప్పందంలో అతి కఠినమైన నాలుగో షెడ్యూలు నుంచి తీశారు, మందుగా పరిశోధించడానికి దారి సుగమం అయింది. నియంత్రణలో ఉండే మందుల మొదటి షెడ్యూలులో అది ఇంకా అలాగే ఉంది. ఇక్కడ తాగి దొరికితే 27వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, రెండూనో. ఇంకొకరు, అంతా గంజాయే, తేడాలెందుకు, పిల్లలు చెడిపోతారు అంటారు. తేడా చెప్పకపోతేనే పిల్లలు మనల్ని నమ్మడం మానేస్తారని నా అనుభవం. సీబీడీ మత్తు కాదని వాడికి ఫోన్ చెప్పింది, మనం అంతా మత్తే అన్నాం. వాడి దృష్టిలో మనకి ఏమీ తెలియదు. రేపు పద్దెనిమిదేళ్లకి ముందు టీహెచ్‌సీ మెదడుకి చేసే చెరుపు గురించి నిజం చెప్పినా వినడు.

బరువు గొడవ ఇంకోటుంది, అది మా అత్తది కాదు, ఏజెన్సీది. గంజాయికి వాణిజ్య పరిమాణం 20 కిలోలు. కొండమీద నుంచి మూట మోసి రోడ్డు దాకా దింపే కుర్రాడికి ముట్టేది కొన్ని వేలు. మూటలో పూతతో పాటు ఆకు, కాడలు కూడా ఉంటాయి. కలిపి తూస్తే 21 కిలోలు, వేరుచేసి తూస్తే ఎంతో ఎవరికి తెలుసు? బెయిలు పిటిషన్లలో లాయర్లు చేసే వాదన ఇదే, ఒక్కోసారి గెలుస్తారు కూడా. విశాఖ సెంట్రల్ జైలు గంజాయి కేసులవాళ్లతో కిక్కిరిసి ఉందని ఎన్నిసార్లు చదివామో! మూట కొన్నవాడు ఆ జైల్లో కనబడడు. రసాయనం కొలిచే యంత్రం అక్కర్లేదు, కనీసం కాడ తీసి తూచండి అనడం పెద్ద కోరికేం కాదు.

అత్త సీసాని నేనే సింకులో ఒంపేశాను. ఆవిడ పక్కనే నిలబడి, "అరవై డాలర్లట రా" అని నిట్టూర్చింది. ఆ సాయంత్రమే అబ్బాయికి వీడియోకాల్ చేసింది. నేను చెప్పినదంతా శ్రద్ధగా విన్నది కాబోలు, మొదటి ప్రశ్నే అది.

"బాబూ, నువ్విచ్చిన నూని ఆకుతో తీసిందా, పువ్వుతో తీసిందా?"

"అది ఆర్గానిక్ ఆంటీ" అన్నాడు వాడు.

"ఉమ్మెత్తకాయ కూడా ఆర్గానికే కదమ్మా" అంది అత్త.

పోయిన వారం ఐఎన్ఆర్ 2.9కి దిగింది. చేతి మీద మచ్చ పసుపురంగుకి తిరిగింది. మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, లిఫ్టు ఆగిపోయిన రోజున రెండో అంతస్తు దగ్గర కూర్చుని నాకు ఫోన్ చేస్తుంది.